రేణుకమ్మ గడప మీది నంబరు

బోధన్‌లో చెరుకు బండ్లు ఆగే మైదానం వెనక ఒక సందు ఉండేది. పొద్దుగూకినంక ఆ సందు చివరి ఇంటి ముందు నుంచి ఎవరూ పోయేవారు కాదు. బండ్ల వాళ్లు ఎద్దులను చుట్టు తిప్పుకొని పోయేవారు. తిప్పేది వాళ్లు కాదు, ఎద్దులే అటు కాలు పెట్టేవి కావని కొందరంటారు.

అది రేణుకమ్మ ఇల్లు.

జర దగ్గరికి జరగండి. వెనక కూచున్న వాళ్లు ఆ తలుపు దగ్గరేయండి. ప్రార్థన చేసిన నోటితోనే దెయ్యం ముచ్చటా తాతా, అని అడుగుతారు మీరు. అడగండి. దేవుడు అన్నిటికన్నా పెద్దవాడు, అందులో నాకు అనుమానం లేదు. కాని ఈ ముచ్చట నాకు చెప్పినవాడు జయరాజ్. ఆదివారం చర్చి తప్పని మనిషి. కల్లు ముట్టని మనిషి. అబద్ధమాడితే చెవులు ఎర్రబడే మనిషి. చెప్తున్నంత సేపు నేను ఆయన చెవులే చూశాను. ఎర్రబడలేదు... చివరికి వచ్చేసరికి మొహం మాత్రం తెల్లబడింది.

రేణుకమ్మ ఆ ఇంట్లో తొలి కాన్పుకే పోయింది. తల్లీ పోయింది, బిడ్డా పోయింది. మొగుడు తలుపుకు తాళమేసి దేశాల మీద పడిపోయాడు. అప్పటి నుంచి, చీకటి పడ్డదంటే ఆ తాళమేసిన తలుపు వెనక గాజులు గలగలమంటాయని చెప్పుకునేవారు. అందుకని సందులోని ఆడవాళ్లు ప్రతి శుక్రవారం ఆ గడపకూ, దాని ముందరి రాయికీ తడి పసుపు మందంగా పూసేవారు. ఊళ్లో గడపలకు పసుపు పూసేది లక్ష్మి లోపలికి రావాలని. ఆ గడపకు పూసేది... లోపలిది బయటికి రావద్దని.

ఇక జయరాజ్ సంగతి. పగలు చక్కెర కార్ఖానలో రంగులు వేసే పని ఆయనది. పంతొమ్మిది వందల అరవై దాటిన కొత్తలో, ఊళ్లో ఇంటింటికి నంబరు రాయాలని హుకుం వచ్చింది. రాజలింగు అనే గుత్తేదారు ఆ పని పట్టుకొని, డ్యూటీ దిగినంక రాస్తావా అని జయరాజ్‌ను అడిగాడు. పని పెద్దదేం కాదు. అంకెలు కోసిన రేకు, తెల్ల రంగు డబ్బ, కుంచె, చీకట్లో వెలుగుకు ఒక కందీలు. గడప ముందరి రాయి మీద రేకు ఆనించి రంగు అద్దడమే.

జయరాజ్ ఎగిరి ఒప్పుకున్నాడు. ఎందుకంటే ఇంట్లో కమలమ్మకు నెలలు నిండుతున్నాయి. అంతకు ముందు ఒక కాన్పు ఇంట్లోనే అయ్యి, సాయం వచ్చేసరికి పసిగుడ్డు చల్లబడిపోయింది. ఈసారి నొప్పులు రాకముందే ఆమెను నిజామాబాద్ పెద్ద దవాఖానకు తీసుకపోయి అక్కడే ఉంచాలి. అందుకే ఈ పై సంపాదన. రంగు డబ్బ ఎత్తుకున్నప్పుడల్లా ఆయన మనసులో ఉన్నది అదొక్కటే.

రాజలింగు మాత్రం ఒక మెలిక పెట్టాడు.

"వరుసల ఒక్క నంబరు తప్పినా ఆ సందు మొత్తం బిల్లు పాస్ కాదు జయరాజ్. దయ్యాల కొంప అని ఇడిసిపెడితే మల్ల నన్ను అడగకు."

"దయ్యానికి గూడ నంబరెయ్యాల్నా అన్నా?"

"ఎయ్యి. రేపు పన్ను గూడ కడ్తది."

ఆ సందులో అన్ని ఇండ్లకూ రాశాడు. చివరిదొకటి మిగిలింది. రేపు రేపు అని జరుపుతూ వచ్చాడు. ఒక సాయంత్రం, ఇక తప్పదని, డ్యూటీ దిగి నేరుగా అటే పోయాడు. చలికాలం. కార్ఖాన కూత వేసేసరికే చీకటి. గాలి నిండా చెరుకు మడ్డి వాసన.

ఎదురింటి చంద్రవ్వ, పండ్లూడిన ముసలవ్వ, కుంపటి ముందు కూచుని ఉంది.

"ఏయ్ పిలగా... యాడికి?"

"గా ఇంటికవ్వా. ముప్పై ఏడు."

"గా ఇంట్ల ఎవలున్నరని నంబరు?"

"ఎవలు లేకున్నా ఎయ్యాల్నట."

"నీ పెండ్లాం కడుపుతోని ఉన్నది గద కొడుకా. అసొంటోడు ఆ గడప ముట్టొద్దు."

"మాకు ఏసయ్య ఉన్నడు అవ్వా."

"ఉంటే మంచిదే. ఆయనను గూడ ఎంట తోల్కపో."

జయరాజ్ నవ్వాడు. నవ్వుతూనే పోయి ఆ గడప ముందు మోకాళ్ల మీద కూచున్నాడు. కందీలు పక్కన పెట్టాడు. రాయి నిండా పసుపు. అప్పుడే పూసినట్టు తడి. రేకు ఆనించి రంగు అద్దితే... రంగు పట్టలేదు. పసుపులో కలిసి జారిపోయింది. పనిమంతుడికి చిరాకు లేచింది. గుడ్డ పేలికను గ్యాసునూనెలో, అదే కిరసనాయిలులో, ముంచి రాయి తుడిచాడు. చెయ్యి ఆగక గడప కూడా తుడిచాడు... ఈ చివరి నుంచి ఆ చివరి దాకా, శుభ్రంగా.

మనలో ఎవరున్నా అదే చేసేవాళ్లం. మన ఇండ్లల్లో గడపకు పసుపు ఉండదు. తుడిస్తే ఏమైతదో మనకు తట్టదు.

మళ్లీ రేకు పెట్టాడు. మూడు అద్దాడు. ఏడు మీదికి చెయ్యి పోతుండగా... ఎక్కడో గాజులు.

బండెద్దుల గంటలే అనుకున్నాడు.

మళ్లీ గాజులు. ఈసారి దగ్గర. తన చెవికి సమంగా. తాను ఇవతల మోకాళ్ల మీద ఎట్లా కూచున్నాడో... తలుపుకు అవతల ఎవరో అట్లాగే కూచున్నట్టు.

"పెద్దగ... రాయి..."

కుంచె ఆగిపోయింది.

"సందు మొగదల కెల్లి... కనవడాలె... పెద్దగ రాయి..."

తలుపు కింది సందులోంచి చల్లగాలి కొట్టింది. పసుపు వాసన. దాని వెనక పచ్చి బాలింత వాసన. కందీలు మంట వంగి వంగి నీలంగా అయ్యింది.

జయరాజ్ లేచాడో, ఎవరైనా లేపారో ఆయనకు తెలియదు. రేకు అక్కడే. కుంచె అక్కడే. డబ్బ అక్కడే. కందీలు అక్కడే. ఉరికొచ్చి చంద్రవ్వ వాకిట్లో పడ్డాడు. ముసలమ్మ ఆయన చేతిలోని గుడ్డ పేలికను చూసింది. పచ్చగా ఉంది.

"గడప... తుడిసినవా?"

ఆయన తలూపాడు.

"ఎంత పని జేస్తివి కొడుకా... గా పసుపుతోనే గద దాన్ని కట్టేసినం." ఆమె గొంతు గుసగుసకు దిగిపోయింది. "ఇగ అది ఆగదు. ఇంటికి పో. నీ ఆడిదాన్ని సూసుకో... ఉరుకు!"

ఉరికాడు. ఆయన ఇల్లు రైలు పట్టాలకు అవతల. కొత్తగా కట్టిన పెంకుటిండ్ల లైను, ఒకదాని పక్కన ఒకటి, అన్నీ ఒక్క తీరే. ఆ లైనుకు నంబర్లు వేసే వంతు ఇంకా రాలేదు. పైగా ఆ వారం సగం మంది నందిపేట్‌లో పెండ్లికి పోయారు. ఇండ్లన్నీ చీకటి.

తలుపు తోసేసరికి కమలమ్మ చాప మీద ముడుచుకొని ఉంది. నొప్పులు. ఇంకా రోజులున్నాయనుకున్న నొప్పులు.

నిజామాబాద్ ఎక్కడ, దవాఖాన ఎక్కడ... పక్కింటి సత్యానందాన్ని లేపాడు. ఊళ్లో కాన్పులు చేసే నర్సు రాధాబాయిని పిలుచుకరమ్మన్నాడు. సత్యానందం సైకిలెక్కుతూ అడిగాడు:

"ఇల్లు గుర్తు ఏం జెప్పాలె? ఈడ అన్ని అచ్చుల పోసినట్టు ఒక్క తీరే ఉండె."

"వాకిట్ల కందీలు పెడ్తనని చెప్పన్నా."

సైకిలు చప్పుడు పోయినాక గుర్తొచ్చింది. కందీలు లేదు. అది అక్కడే ఉంది... రేణుకమ్మ గడప ముందు.

ఇంట్లో ఉన్నది ఒక్కటే చిన్న దీపం బుడ్డి. దాన్ని వాకిట్లో పెడదామని లేవబోతే కమలమ్మ ఆయన మణికట్టు పట్టుకుంది.

"పోకు... చీకట్ల నన్ను ఇడిసిపెట్టకు..."

అప్పుడు వినబడింది. బయట. గాజులు.

లైను ఆ చివరి నుంచి... మెల్లగా... ఒక్కొక్క ఇల్లు దాటుకుంటూ. ఆయన పాక్కుంటూ పోయి గొళ్లెం పెట్టి, తలుపుకు వీపు ఆనించి కూచున్నాడు. గాజులు గడప ముందుకొచ్చి ఆగాయి. తలుపు కింది నుంచి పసుపు వాసన వచ్చింది. దాని వెంబడే ఇంకో వాసన... గ్యాసునూనె కలిసిన రంగు వాసన.

తర్వాత ఒక చప్పుడు.

సర్... సర్... సర్...

రాయి మీద కుంచె. ఆ చప్పుడు ఆయనకు తెలియనిది కాదు. రోజూ తన చేతి కింద వినేదే.

"ఏసయ్య పేరట... పో..." అన్నాడు. "నా ఇంటి మీదికి రాకు... పో..."

సర్... సర్... తొందర లేదు, ఆగడం లేదు.

లోపల కమలమ్మ గావుకేక పెట్టింది. బయట కుంచె ఠక్కున ఆగింది. వింటున్నట్టు. మళ్లీ మొదలైంది... ఈసారి తొందర తొందరగా. సర్‌సర్‌సర్‌సర్...

ఉన్నట్టుండి అంతా నిశ్శబ్దం.

ఆయన వీపు వెనకే తలుపు దబదబమంది.

"తలుపు తియ్! నేను నర్సు రాధాబాయిని!"

మీరైతే తీస్తారా? ఆయన తీయలేదు. ఇంత చీకట్లో, దీపం గుర్తు లేకుండా, ఇన్ని ఇండ్లల్లో ఈ ఇంటికే సూటిగా వచ్చే మనిషి ఎవరు? తలుపును ఇంకా గట్టిగా నెట్టి పట్టుకున్నాడు.

"ఏమయ్యా, చెవుల్ల దూది పెట్టుకున్నవా? తియ్!"

చాప మీది నుంచి కమలమ్మ అంది:

"తియ్యవయ్యా... నర్సో, దయ్యమో... ఎవలైనా ఆడమనిషే గద... తియ్యి..."

ఆయన కండ్లు మూసుకొని గొళ్లెం తీశాడు.

బూట్ల చప్పుడు. సంచి కింద పెట్టిన చప్పుడు. "అవతలికి జరుగు, నీళ్లు కాగబెట్టు" అని కసురు. అది మనిషి గొంతే. బొడ్డుపేగు బిడ్డ మెడకు చుట్టుకుందట. కోడి కూసే వేళకు ఆ ఇంట్లో ఏడుపు లేచింది. పసి ఏడుపు. జయరాజ్ పొయ్యి ముందే మోకరించాడు.

తెల్లవారుతుండగా సత్యానందం గాలి పోయిన సైకిలు తోసుకుంటూ వచ్చాడు.

"నర్సమ్మను టాంగల ముంగట తోలిన, నా సైకిలు పంచరాయె... ఇల్లు దొరికిందా అమ్మా?"

రాధాబాయి చేతులు కడుక్కుంటూ నవ్వింది. "వాకిట్ల దీపమన్నవ్, దీపం లేకపాయె. గని నంబర్లు రాసేటోని ఇల్లని గూడ అంటివి గద. లైను మొత్తంల ఒక్క ఇంటికే నంబరున్నది. గంత పెద్దగ రాసుకుంటే టాంగ దీపానికే కనవడ్డది."

"నంబరా?" అన్నాడు జయరాజ్.

"మంచి పని జేసినవ్ తమ్మీ." ఆమె నవ్వు ఆగిపోయింది. "ఒకపారి గిట్లనే పిలుపొస్తే, బండ్ల మైదానం ఎనక సందుల ఇల్లు దొరకక చీకట్ల తిరిగి తిరిగి చచ్చిన. దొరికేసరికి ఏమున్నది... రేణుకమ్మ అని, పాపం. తొలి కాన్పు. ఎదురుసూసి ఎదురుసూసి గడప మీదనే..."

జయరాజ్ గడప దాకా వెళ్లి చూశాడు.

రాయి నిండా, రెండు జానల ఎత్తు, తెల్లగా, ఇంకా తడిగా... ముప్పై ఏడు. రేణుకమ్మ ఇంటి నంబరు. రేకుతో అద్దింది కాదు. చదువు రాని చెయ్యి చూసి చూసి గీసినట్టు వంకరటింకర. అంచుల మీద నాలుగు వేళ్ల ముద్ర. పచ్చగా. పక్కన వరుసగా పెట్టి ఉన్నాయి... ఆయన రేకు, ఆయన కుంచె, ఆయన డబ్బ, ఆరిన కందీలు.

మరెవరైనా అయితే ఊరు వదిలిపెట్టిపోయేవారు. జయరాజ్ డబ్బ ఎత్తుకున్నాడు. ఎండ ఎక్కే వేళకు మళ్లీ ఆ సందుకు పోయాడు. చంద్రవ్వ గిన్నె నిండా పసుపు కలుపుకొని ఆ గడపకు పూయడానికి వంగుతోంది.

"వద్దవ్వా," అన్నాడు. "కట్టేసే మనిషి గాదు."

రేకు పక్కన పడేశాడు. ముప్పై ఏడు అని చేత్తోనే రాశాడు, రాయి పట్టినంత. సందు మొగదలకు నడిచిపోయి అక్కడి నుంచి చూశాడు. కనబడుతోంది. వెనక్కి వచ్చి డబ్బ తీసుకోవడానికి వంగాడు.

పట్టపగలు. మైదానంలో బండ్లు కదులుతున్నాయి, ఎవరో ఎద్దులను అదిలిస్తున్నారు. తాళమేసిన తలుపు వెనక గాజులు ఒక్కసారి... ఒక్కసారే కదిలాయి.

"ఆడివిల్లనా... మొగపిలగాడా?"

చంద్రవ్వ చేతిలోంచి గిన్నె జారిపోయింది.

జయరాజ్ తలుపు సందుకు మెల్లగా నోరు ఆనించాడు.

"ఆడివిల్లనే... అక్కా."