నాలుగో స్విచ్

"జీపు నీ షెడ్డుకే వస్తుంది. అడిగిన లైట్లన్నీ బిగించు. అరుణకు మాత్రం ఏమీ చెప్పకు."

"ముఠాలో ఉన్న మన డబుల్ ఏజెంట్ కదా సర్ ఆమె?"

"నాలుగు నెలలుగా రిపోర్టు లేదు. ఇప్పుడు ఎవరి మనిషో తెలియదు." చీఫ్ లైన్ కట్ చేశాడు.

ఇవతల ఫోన్ పట్టుకున్న ఏజెంటు మార్కాపురంలో ఆటో ఎలక్ట్రీషియన్ రాజరత్నం. అడిగినవాళ్ళకు చెప్పడానికి చీరాలలో ఒక భార్యను కల్పించుకున్నాడు. ఈ మధ్య ఒంటరిగా అన్నం తింటూ ఆమెతో నిజంగానే పోట్లాడుతున్నాడు.

మధ్యాహ్నం జీపు వచ్చింది. కాంట్రాక్టరు వేషంలో కాటమరాజు, విదేశీ ముఠాకు ఇక్కడి మనిషి. స్టీరింగ్ దగ్గర నల్లకళ్ళద్దాలతో అరుణ. దొంగిలించిన క్షిపణి చిప్ ఒకటి కాటమరాజు పెట్టెలో ఉంది. సాయంత్రం డ్రోన్ వచ్చి దాన్ని ఎత్తుకుపోవాలి. డ్రోన్‌కు చోటు చూపేది ఈ జీపు మీది లైటే.

రాజరత్నం మూడు ఫాగ్ లైట్లు బిగించాడు. ఒక్కోదానికి కరెంటు కలిపే ఒక రిలే, ఒక ఫ్యూజు. తీగలు డ్యాష్‌బోర్డులోని ఖాళీ స్విచ్చులకు. కాటమరాజు ఇచ్చిన నాలుగో లైటు టాప్ మీద. స్విచ్ నొక్కితే రిలే టిక్కుమంది, లైటు మాత్రం చీకటిగానే ఉంది.

"ఏంది మెకానిక్కూ, నోరు తెరిచినావు? అది మన కండ్లకు కనపడేది కాదులే." కాటమరాజు ఫోన్ కెమెరా పెట్టి చూశాడు. తెరమీద ఊదారంగు చుక్క.

"కనపడని లైటుకు ఇంత ఖర్చేందన్నా?"

"నీ బుర్ర మాత్రం కనపడతా ఉందా? ఉందనుకొనే గదా వచ్చినా!"

అతను టీకి వెళ్ళినప్పుడు రాజరత్నం ఒక వైరు మార్చాడు. ఆ రిలేలో కరెంటుకు రెండు దారులుంటాయి. స్విచ్ నొక్కితే తెరుచుకునేది ఒకటి, నొక్కనంతసేపూ తెరిచి ఉండేది ఇంకొకటి. లైటును రెండోదానికి తగిలించాడు. ఇక దారి పొడుగునా అది వెలుగుతూనే ఉంటుంది, నైట్‌విజన్‌తో మన దళం వెంబడిస్తుంది. నొక్కిన క్షణం ఆరిపోయి డ్రోన్‌కు దారి తెలియకుండా పోతుంది.

గడపలో నిలబడి అరుణ అతనివైపే చూస్తోంది, ఏం చేస్తున్నాడో కనబడనంత దూరం నుంచి. చెప్పాలనిపించింది. చెప్పలేదు.

"దారిలో చెడితే? నువ్వూ ఎక్కు," అన్నాడు కాటమరాజు. ఫోన్లు లాక్కున్నాడు.

పొద్దు గూకేసరికి యర్రగొండపాలెం దాటి, కోసిన కందిచేలో జీపు ఆగింది. ఎదురుగా నల్లమల. కాటమరాజు పెట్టెతో దిగి చేను మధ్యకు నడిచాడు. "చప్పుడు వినపడగానే నొక్కు పాపా!"

చప్పుడు వినపడింది. అరుణ వేలు నాలుగో స్విచ్ మీదే ఉంది. రాజరత్నం రిలే టిక్కు కోసం చెవి ఒగ్గాడు. రాలేదు.

అప్పుడు అర్థమైంది. ఆమె కావాలనే నొక్కడం లేదు. ఆమె మన మనిషే. అందువల్లే లైటు ఇంకా వెలుగుతోంది, డ్రోన్ నేరుగా వస్తోంది.

"నొక్కు మేడం."

ఆమె పిస్టల్ అతని డొక్కకు తగిలింది. "నువ్వూ వాళ్ళ మనిషివేనా అన్నా?"

"మన డిపార్టుమెంటే. వైరు మార్చినా. ఇప్పుడు వెలుగుతా ఉంది. నొక్కితేనే ఆరుతది."

"నాకెందుకు చెప్పలా?"

"చెప్పొద్దన్నారు."

"ఎవురినీ నమ్మొద్దని నాకూ చెప్పినారు. ఇప్పుడెట్ల నమ్మాల?"

డ్రోన్ కింద వేలాడే కొక్కెం కనిపిస్తోంది. గుర్తున్న కోడ్ మాటలన్నీ పాతబడ్డాయి.

"నా అసలు పేరు శ్రీకాంత్. మాది హనుమంతునిపాడు."

"పేరు చెప్తే ఏం రుజువైతది?"

"ఏమీ కాదు. ఎవరితోనైనా అనాలనిపించింది."

ఆమె కళ్ళద్దాలు తీసి చూసింది.

టిక్.

కాటమరాజు చాచిన చేతుల మీదికి దిగుతున్న డ్రోన్ గాలిలో తడబడింది. పక్కకు ఒరిగి, వెనక్కి తిరిగి కొండమీదికి పోయింది. "ఏయ్, ఇట్లరా! ఇట్ల!" అని అతను ఆకాశానికి పెట్టె చూపిస్తూ పరుగెత్తాడు. లైటు వెంట వచ్చి చేను చివర కాపుకాసిన దళం అతన్ని పెట్టెతో సహా పట్టుకుంది.

అరుణ పిస్టల్ లోపల పెట్టుకుంది.

"అరుణ నీ అసలు పేరేనా?" అని అడిగాడు రాజరత్నం.

ఆమె జీపు స్టార్ట్ చేసింది. "అది చెప్పడం రూల్సుకు విరుద్ధం అన్నా."