ముప్పై శాతం నిద్ర

ఆ కాలంలో విశాఖపట్నంలో బస్సు కోసం నిలబడ్డ మనిషి ఉన్నట్టుండి తల వాల్చేస్తే ఎవరూ కంగారుపడేవారు కాదు. ఎవరో నిద్రమంత్రం వేసి ఉంటారు, పది లెక్కపెట్టేలోగా ఆయనే లేస్తాడని పక్కకి జరిగేవారు. 2080 దాటాక ఆటలు తెరల్లోంచి బయటికొచ్చి మనుషుల మణికట్లకు చుట్టుకున్నాయి. చేతికి కట్టుకునే నాడీపట్టీ నరాలకు చిన్న సంకేతం పంపేది. విషం తగిలితే నాలుక చేదెక్కేది, భయం తగిలితే గుండె కాస్త తొందరపడేది, నిద్ర తగిలితే కనురెప్పలు బరువెక్కి, బలవంతాన ఆపుకుంటే తప్ప తల వాలిపోయేది. రోడ్డు దాటేటప్పుడు మాత్రం పట్టీ తనంతట తనే ఆగిపోయేది. ఇలాంటి వాటిని ఆటలు తయారుచేసేవాళ్ళు స్థితి ప్రభావాలు అనేవారు.

ఆ ప్రభావాలు ఎన్నిసార్లు తగలాలో లెక్క కట్టడమే వకుళ వృత్తి. పైకి చూస్తే లెక్క చాలా చిన్నది. నిద్రమంత్రం బలం యాభై శాతం అనుకుందాం. ఎదుటివాడికి నలభై శాతం నిరోధం ఉంటే ఆ యాభైలో నలభై శాతం, అంటే ఇరవై, కొట్టుకుపోతుంది, మిగిలేది ముప్పై. అంటే వంద మంత్రాలు వేస్తే ముప్పై దాకా తగులుతాయి. కానీ ఆడే మనిషి వంద దాకా ఆగడు. నాలుగు వరసగా తప్పగానే ఆట మోసం చేస్తోందని పట్టీ విప్పి విసిరికొడతాడు. ముప్పై శాతం అంటే వందలో డెబ్బై సార్లు తప్పుతుందని ఏ బుర్రకైనా తెలుసు, ఏ మనసూ ఒప్పుకోదు.

అందుకే వకుళ వయసులో ఉన్నప్పుడు ఓదార్పు లెక్క కనిపెట్టింది. ఆటగాడికి చూపించేది ముప్పయ్యే. ఒకసారి తప్పితే లోపల గుట్టుగా నలభై అవుతుంది, మళ్ళీ తప్పితే యాభై. జనం మురిసిపోయారు, ఇంత న్యాయమైన ఆట లేదన్నారు. తర్వాత కొందరు అదే చాటున లెక్కను తగ్గించి, తాయెత్తులు కొనుక్కుంటే తప్ప మంత్రాలు పారకుండా చేశారు. జనం తిరగబడ్డారు, చట్టం వచ్చింది. చెప్పిన శాతమే ఇవ్వాలి, వెంట్రుకవాసి తేడా ఉండకూడదు.

ఆ దొంగదారి మొదట వేసింది తనే కదా అని వకుళ చాలా కాలం కుమిలిపోయింది. ఆ బాధలోంచే తొమ్మిదేళ్ళు కష్టపడి గవ్వ అనే యంత్రాన్ని తయారుచేసింది. పిడికిలంత పెట్టె. అందులో చిటికెడు రేడియోధార్మిక పదార్థం ఉంటుంది. దాని పరమాణువు ఎప్పుడు పగులుతుందో లోకంలో ఎవరూ చెప్పలేరు. ఆ పగిలే చప్పుడు విని గవ్వ పాచిక వేస్తుంది. మంత్రం పారిందో లేదో ఎవరికీ చెప్పకుండా చిట్టాలో రాసుకుంటుంది. అడిగితే మాట్లాడుతుంది, అబద్ధం మాత్రం దానికి చేతకాదు.

అలాంటి గవ్వ పరీక్షలో తప్పింది. రెండువందల జంటలు ఆరువేల మంత్రాలు వేస్తే పద్దెనిమిది వందల చోట తలలు వాలాలి. వాలింది రెండువేల ఐదువందల ఎనభై నాలుగుసార్లు. ఇవాళ తనిఖీలో కూడా అలాగే తేలితే గవ్వను పగలగొడతారు, వకుళకు ఇక జన్మలో ఏ ఆటకూ లెక్క కట్టే అర్హత ఉండదు.

ఆ చట్టాన్ని అమలుచేసే ఆటల బోర్డు నుంచి తనిఖీకి వచ్చిన అధికారి నూకరత్నం గారు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"గవ్వా, ఎన్నిసార్లు తగిలింది?"

"పద్దెనిమిది వందల మూడుసార్లు," అంది గవ్వ.

"మరి మిగతా తలలన్నీ ఎవరు వాల్చేరు?"

"నేను కాదు."

"నీ మాటకి నువ్వే సాక్ష్యమైతే ఎలాగ?" నూకరత్నం గారు వకుళ వైపు తిరిగింది. "ఓదార్పు లెక్కున్నప్పుడు ఆ ఆట నేనూ ఆడేనమ్మా. ఓడిపోతున్నట్టే ఉండేది కాదు, బలే ఉండేది. అందుకే ఇప్పుడు అనుమానమొస్తంది. పాత అలవాటు ఎక్కడో దూర్చీసినావేమో."

"లేదండీ," అంది వకుళ. వెనక్కి తిరిగింది. "లోవరాజూ, జంటల్ని తెచ్చింది నువ్వే కదా. వాళ్ళెవరైనా పట్టీలు మార్చేరా?"

లోవరాజు పదిహేనేళ్ళుగా వకుళకు సహాయకుడు. తల గోక్కున్నాడు. "మార్చలేదండి. ముక్కూ మొహం తెలీనోళ్ళ ముందు తల వాల్చడానికి సిగ్గుపడిపోతున్నారని, మొగుడూపెళ్ళాల్నీ వదినామరదళ్ళనీ కూర్చోబెట్టేనండి. మా అత్తగారూ నేనూ కూడా కూర్చున్నామండి."

"ఈసారి జంట మీది కాదు," అంది నూకరత్నం గారు. "మా ఇంటాయన్ని తెచ్చుకున్నాను."

అప్పలసూరి గారు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి. సొంత బావమరిది కొట్లో కాటా పది గ్రాములు తేడా చూపిస్తోందని కేసు రాసి, ఆరు నెలలు అత్తవారింటి గడప తొక్కలేకపోయిన వాడు. అంతకంటే నమ్మదగ్గ సాక్షి ఎక్కడ దొరుకుతాడు?

భార్యాభర్తలు ఎదురెదురుగా కూర్చున్నారు. ఆవిడ చెయ్యి తిప్పి మంత్రం వేసింది. ఆయన బొమ్మలా కూర్చున్నారు. రెండోసారీ అంతే. మూడు, నాలుగు. నూకరత్నం గారి పెదవులు బిగుసుకున్నాయి. ఐదోదానికి ఆయన తల ఒరిగిపోయింది, ఆవిడ మొహం విచ్చుకుంది. వకుళ గోళ్ళు కొరుక్కుంటూ లెక్కపెట్టింది. ముప్పై మంత్రాలయ్యేసరికి తల పదహారుసార్లు వాలింది.

"గవ్వా?"

"పదిసార్లు తగిలింది."

నూకరత్నం గారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. ఆ మొహంలో నిజంగానే జాలి ఉంది. "అయిపోయిందమ్మా. ఈయన అబద్ధమాడరు."

తొమ్మిదేళ్ళు. వకుళ గవ్వ మీద చెయ్యి వేసుకుని అలాగే నిలబడిపోయింది.

"రత్నం, ఆగు," అన్నారు అప్పలసూరి గారు, నేల చూపులు చూస్తూ. "తగిలింది పదిసార్లే."

"మరి ఆరుసార్లు?"

"నానే వాల్చీసేను."

నూకరత్నం గారు కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని భర్త వైపు చూసింది.

"వరసగా నాలుగు తప్పేయి. నీ మొహం చిన్నబోయింది. నాను చూళ్ళేకపోయేను."

"ఏటండీ ఇది. మా తమ్ముడు పది గ్రాములు తేడా పెడితే కేసు రాసీసేరు కదా మీరు."

"అది తూకం. ఇది నువ్వు కదా."

లోవరాజు గొంతు సవరించుకున్నాడు. "మా అత్తగారికి నేనూ అలాగే పడిపోయేనండి. ఆవిడ మూడు మంత్రాలు తప్పితే అన్నం మానేస్తారండి."

వకుళకు నవ్వొచ్చింది, వెంటనే కళ్ళనిండా నీళ్ళూ వచ్చాయి. తను కనిపెట్టానని ఇన్నాళ్ళూ గర్వపడి, తర్వాత సిగ్గుపడిన ఆ ఓదార్పు లెక్కను వీళ్ళు ఏ యంత్రమూ లేకుండా ఇళ్ళల్లో ఎప్పట్నుంచో వేసుకుంటున్నారు. దాని మీద ఏ చట్టం పనిచేస్తుంది?

నూకరత్నం గారు మాత్రం అధికారి. "అలాగైతే నువ్వు వెయ్యి, నేను కూర్చుంటాను. మనిద్దరికీ ఏ చుట్టరికమూ లేదు," అంది. వకుళ ముప్పై మంత్రాలు వేసింది. తల ఏడుసార్లు వాలింది. గవ్వ తొమ్మిది అంది.

"రెండుసార్లు ఆపుకున్నారాండీ?" అంది వకుళ, నెమ్మదిగా.

"ఉద్యోగంలో ఉండి ఊరికే తల వాల్చీస్తానా ఏటి?" అని గదిమింది గానీ, ఆవిడ బుగ్గలు ఎర్రబడ్డాయి. అయినవాళ్ళయితే తగలకపోయినా పడిపోతారు, కానివాళ్ళయితే తగిలినా పడరు. గవ్వ ఒక్కటే ఉన్నది ఉన్నట్టు చెప్పిందని కాగితం మీద రాసి, సంతకం పెట్టి, ముద్ర వేసింది.

వకుళ ఆ కాగితం వైపు చెయ్యి చాపబోతుంటే అప్పలసూరి గారు మొహమాటంగా అడిగారు. "నానూ ఓ మంత్రం ఎయ్యొచ్చా?"

"వెయ్యండి బాబూ. గవ్వా, ఈసారి పైకే చెప్పు," అంది వకుళ.

ఆయన పట్టీ సర్దుకుని, భార్య కళ్ళలోకి చూస్తూ చెయ్యి తిప్పారు.

"తప్పింది," అంది గవ్వ, అందరికీ వినబడేలా.

నూకరత్నం గారు ఒకసారి గవ్వ వైపు, ఒకసారి భర్త వైపు చూసింది. తర్వాత కాగితం జాగ్రత్తగా పక్కకి జరిపి, బల్ల మీద తల వాల్చేసింది.