వెనకగదిలో పాట తగ్గింది

కిటికీలోకి ఇంకా సరిగ్గా వెలుగు రాలేదు. వెనకగదిలో అలమర మీద కూర్చున్న స్పీకరు చూడ్డానికి చెంబంత కూడా ఉండదు గాని, ఒక్కసారిగా నోరు తెరిచింది. డప్పులు, ఈలలు, వాటి మధ్య గొంతు చించుకుంటున్న ఎవడో కుర్రాడు. మంచం మీద పెద్దాయన ఉలిక్కిపడి లేచాడు.

"వచ్చావా తల్లీ, నీ నోరు పడిపోను" అని దాన్ని పలకరించి, దుప్పటి తన్నేసి, గోడ పట్టుకుంటూ వెళ్లి స్పీకరు నెత్తి మీద వేలితో వెనక్కి నిమిరాడు. అరుపు గొణుగుడులోకి దిగింది. అప్పుడు గాని ఆయన ప్రాణం కుదుటపడలేదు.

చప్పుడు ఉండాల్సిన దానికంటే వెంట్రుకంత ఎక్కువైనా ఆయన ఓర్చుకోలేడు. బతుకంతా సినిమాహాల్లో ఆపరేటరుగా చేసినవాడు. హాలు మూతపడి ఏళ్లయినా వీధిలో అందరికీ ఆయన ఆపరేటరే. ఒకసారి విలన్ నవ్వుకి ధ్వని పెంచే మర కాస్త ఎక్కువ తిప్పితే, కప్పులో కాపురమున్న గబ్బిలాలన్నీ మూటాముల్లె సర్దుకుని పక్క హాలుకి వెళ్లిపోయాయని చెబుతాడు. ఇంకోసారి ఏడుపు సన్నివేశంలో ధ్వని తగ్గించాడట. వినడానికి జనమంతా ముందుకి వంగారట. వెనకవాడి కన్నీళ్లు ముందువాడి చొక్కా మీద పడి, విరామంలో హాలు హాలంతా వీపులు ఆరబెట్టుకుందట. నమ్మనివాళ్లకి టీ ఇప్పించడు.

అలాంటివాడి ఇంట్లో ఇప్పుడు గదిగదికీ పాట ఉంది గాని, తిప్పడానికి మర లేదు. కొడుకు లిఫ్టు మెకానిక్కు. కొత్త వస్తువు కనబడితే చెయ్యి ఊరుకోదు. ఇల్లంతా స్పీకర్లు పెట్టి, వాటి యాప్‌ని తన ఫోన్లో, భార్య ఫోన్లో, కూతురి ఫోన్లో ఎక్కించాడు. పెద్దాయనది మీటల ఫోను, అందులో యాప్ ఎక్కదు. దాంతో ఆయన ఎవరైనా పెట్టిన పాత పాట చక్కగా వింటూ కళ్లు మూసుకునేసరికి, మనవరాలు బాత్రూంలోంచి తప్పు గది నొక్కేది, ఆ పాట గొంతు అక్కడే నొక్కుకుపోయేది. ఒక్కోరోజు కొడుకు యాప్‌లో ముందుహాలునీ వెనకగదినీ కలిపేస్తే, ఆయన మంచం చుట్టూ క్రికెట్ వ్యాఖ్యానం మొదలయ్యేది. ఎక్కడో ఎవరి వేలో కదలాలి, ఇక్కడ ఈయన చెవి పడాలి. అవన్నీ ఒక ఎత్తు, పొద్దున్నే ఈ డప్పులు ఒక ఎత్తు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర అడిగేశాడు.

"రోజూ ఆ పాట పెడుతున్న పుణ్యాత్ములెవరు?"

"ఏ పాట నాన్నా?" అన్నాడు కొడుకు.

"పాట అన్నాను గాని, రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి కొండ మీంచి దొర్లించినట్టుంటుంది."

"అది పెద్ద హిట్టు తాతయ్యా" అంది మనవరాలు. "నేను మాత్రం కాదు. నేను ఆ వేళకి లేస్తే జ్వరమేమోనని అమ్మ నుదురు పట్టుకుని చూస్తుంది."

కోడలు కంచంలోకి చూస్తూ, "యాప్‌లో ఏదో టైము పడిపోయి ఉంటుంది మామయ్యా, చూస్తాలెండి" అంది.

"ఎన్నాళ్లనుంచో చూస్తూనే ఉన్నావమ్మా."

"అందుకే నాన్నా, మంచి ఫోను కొనిస్తానంటే వద్దంటారు" అని కొడుకు అందుకున్నాడు. "అదుంటే మీ గది మీ చేతిలోనే ఉంటుందిగా."

"నా గది నా చేతిలో ఉండటానికి అద్దం గీక్కుంటూ కూర్చోవాలా? హాలు నిండా జనానికి ఎంత వినబడాలో నేను చెప్పానురా. ఇప్పుడు నా చెవికి ఎంత వినబడాలో మీ బొటనవేళ్లు చెబుతున్నాయి."

"అంత మాటెందుకు నాన్నా ఇప్పుడు..."

"అంత మాటే. బాత్రూంలో కాలు జారిన దగ్గర్నుంచి నన్ను ఇంట్లో సామాను కింద జమకట్టారు. కెమెరా పెడతామన్నారు, వద్దన్నాను. గంటగంటకీ ఫోన్లు చేశారు, మానమన్నాను. ఇప్పుడు పాట కూడా నాది కాకుండా పోయింది. హాల్లో టికెట్లు చింపిన నా స్నేహితుడున్నాడు చూడు, వాడి గదిలో ఇంకో మంచానికి చోటుంది. మర ఉన్న రేడియో కూడా ఉంది. ఆదివారం వెళ్లిపోతున్నాను."

కోడలు మంచినీళ్లకని లేచి వెళ్లి వంటింట్లోనే నిలబడిపోయింది. నీళ్లకి అంతసేపు పట్టదని పెద్దాయనకి తెలుసు. తెలియనట్టు ఖాళీ కంచంలో మెతుకులు వెతికాడు.

మర్నాడు చీకటితోనే కోడలు తను పనిచేసే బేకరీకి, కొడుకు డ్యూటీకి వెళ్లారు. మనవరాలు ఎప్పటిలాగే ఒళ్లెరగని నిద్రలో ఉంది. పెద్దాయన ఈసారి పాటకంటే ముందే లేచాడు. అలమర వెనక చెయ్యి పెట్టి ప్లగ్గు పీకేశాడు.

"ఏదీ, ఇప్పుడు అరవవే" అని స్పీకరు చెవిలో చెప్పి, ఎక్కొద్దని అందరూ మొత్తుకునే మేడ మెట్లు దర్జాగా ఎక్కాడు. ఫోను మంచం మీదే ఉండిపోయింది.

మేడ మీద చల్లగాలి. బట్టల తాళ్ల మధ్య నుంచుని వీధి చూస్తూ ఉంటే, చివర మలుపు దగ్గర ఒకావిడ పరుగెత్తుకు వస్తూ కనబడింది. నెత్తిన తెల్ల టోపీ, ముందు ఆప్రాను, చేతులకి మోచేతుల దాకా పిండి. పాపం, ఎవరి కొంప అంటుకుందో అనుకున్నాడు. ఆవిడ వచ్చి తమ గేటే తోసింది.

కింద వెనకగది తలుపు బాదిన చప్పుడు. తర్వాత బాత్రూం తలుపు. "మామయ్యా, మామయ్యా" అన్న ఆ గొంతు కోడలిదే, కాని అంత పలచగా ఆయన ఎప్పుడూ వినలేదు.

"ఇక్కడున్నానమ్మా" అన్నాడు మెట్ల మీంచి.

ఆమె తలెత్తి చూసింది. ఉన్నచోటే మొదటి మెట్టు మీద కూలబడింది. ఒక కాలికే చెప్పుంది.

"ఫోనెత్తరేం?" అంది ఏడుస్తూ.

"అది మంచం మీదుంది. ఏమైందమ్మా, బేకరీలో ఏమన్నా..."

"మీ గది పోయింది మామయ్యా."

ఆయన మెల్లగా దిగివచ్చి పక్కన కూర్చున్నాడు. ఆమె ఫోను చూపించింది. హాలు, వంటగది, పడకగది, పాప గది వరసగా ఉన్నాయి. వెనకగది పేరు మాత్రం వెలిసిపోయి ఉంది. దాని పక్కన 'కనబడటం లేదు' అని ఉంది.

"ప్లగ్గు పీకాను" అన్నాడు, దొంగతనం ఒప్పుకున్నట్టు.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంటే పిండి ఇంకాస్త అంటుకుంది. "ఆ పాట పెట్టేది నేనే మామయ్యా. బేకరీలోంచి. మీరు విసుక్కుంటూ లేచి తగ్గిస్తారు కదా, తగ్గించగానే ఇక్కడ ధ్వని చూపే ఈ గీత వెనక్కి జరుగుతుంది. జరిగిందంటే మామయ్య లేచారు, నడిచారు, బాగానే ఉన్నారు అనుకుని మొదటి ట్రే ఓవెన్లోకి తోస్తాను. కాపలా కాయొద్దన్నారు, అందుకని చెప్పలేదు. తప్పే."

పెద్దాయన ఫోను దగ్గరికి లాక్కుని ఆ గీత వంక చూశాడు.

"అయితే ఆ దిక్కుమాలిన పాటే ఎందుకమ్మా? ఏదన్నా మంచిది పెట్టకపోయావా?"

"మొదట మంచిదే పెట్టాను. మీరు హాయిగా పడుకుని వింటూ ఉండిపోయారు. గీత కదల్లేదు. ఆ రోజు రెండు ట్రేలు బొగ్గయ్యాయి."

ఆయనకి నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఉండగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆపరేటరు గదికి చిన్న కిటికీ ఉండేది. అందులోంచి ఆయనకి ఒక్క ముఖమూ కనబడేది కాదు. తలలు కాస్త కదిలిన తీరు చూసి, చీకట్లో ఎవరికి ఏం కావాలో కనిపెట్టి మర తిప్పేవాడు. ఆ విద్య తనతోనే పోయిందనుకున్నాడు. రోజూ తెల్లవారకముందే పొయ్యి సెగలో నిలబడి, అరచేతిలో ఇంత చిన్న కిటికీలోంచి తనని కనిపెట్టుకున్న ఆపరేటరు ఈ ఇంట్లోనే ఉంది.

"మీరు విసుక్కుంటేనే నాకు ఊపిరి మామయ్యా" అంది కోడలు.

"తెలియక చేశానమ్మా. నా తల్లిలాంటి దానివి, చెప్పు లేకుండా పరుగెత్తించాను." ఆయన లేచాడు. "ఇంతకీ రెండోది ఏదీ?"

"దారిలో ఎక్కడో పడింది."

"నువ్వు మంచినీళ్లు తాగు. నేను తెస్తా."

నిజంగానే వెళ్లి తెచ్చాడు. మలుపు దగ్గర దాన్ని నోట కరుచుకున్న కుక్కతో పెద్ద యుద్ధం చేసి గెలిచానని తర్వాత చెప్పుకున్నాడు గాని, చెప్పు మీద పంటిగాటు ఎవరికీ కనబడలేదు.

ఆదివారం ఆ టికెట్ల స్నేహితుడి గదిలో మంచం చోటు ఖాళీగానే ఉంది. కొడుకు ఒక గుండ్రటి మర కొనుక్కొచ్చి తండ్రి మంచం పక్కన గోడకి అతికించాడు. తీగ లేదు. యాప్‌లో ఏ గదికి కలిపితే ఆ గది ధ్వని దీని చేతికొస్తుంది. పెద్దాయన దాన్ని పసిపిల్ల బుగ్గ తాకినట్టు తాకాడు. "చల్లగా ఉండరా" అన్నాడు, కొడుకునో మరనో తెలియలేదు.

"ఇంక మంచి పాట పెడతాను మామయ్యా" అంది కోడలు.

"వద్దు. ఆ గులకరాళ్లే పెట్టు. మంచిది పెడితే బద్ధకం పట్టుకుంటుంది."

కోడలికి సెలవు వచ్చిన రోజున వెనకగది స్పీకరు నోరు మెదపలేదు. పెద్దాయన లేచి కూర్చుని చూశాడు. పక్కగదిలో అలికిడి లేదు. కొడుకు ఎప్పుడో వెళ్లిపోయాడు, బాగా పొద్దెక్కింది. ఆయన వెళ్లి మనవరాలిని తట్టి లేపి, మరని వాళ్లమ్మ గదికి కలిపించి, కోడలికి ఇష్టమైన పాట పెట్టించాడు. బొమ్మ పడేముందు హాల్లో దీపాలు ఒక్కొక్కటే ఆరుతుంటే సంగీతం లేచినట్టు, మర మెల్లమెల్లగా తిప్పాడు.

పాట అయిపోవచ్చింది. గీత కదల్లేదు. తలుపు చప్పుడు లేదు. ఆయన మనవరాలి ఫోను వంకే చూస్తూ కూర్చున్నాడు. రోజూ ఇంత ఆరాటం పడుతోందా కోడలుపిల్ల అనుకున్నాడు.

"ఆ గులకరాళ్లు పెట్టవే" అన్నాడు.

గోడ అవతల డప్పులు దద్దరిల్లాయి. ఫోన్లో గీత చటుక్కున వెనక్కి జరిగింది.

"సెలవు రోజు కూడా పడుకోనివ్వరా?" అని లోపలినుంచి కోడలు విసుక్కుంది.

పెద్దాయన మర మీంచి చెయ్యి తీసి గుండె మీద పెట్టుకున్నాడు.

"లేచిందే" అన్నాడు మనవరాలితో, కళ్లు తుడుచుకుంటూ. "విసుక్కుంది కూడాను."