మాటు వేసిన పెనం

చోడవరం దాటి రావికమతం వెళ్లే దారిలో, చెరకు తోటల మధ్య దుర్గారావు గారి బెల్లం గానుగ ఉందే... పొద్దుపోయాక అటు తలతిప్పి చూసేవాడు లేడు. తొంభై అయిదులో మూతపడిందది. ఏడాదైనా రాత్రుళ్లు లోపల మంట కనిపిస్తుందట. పెనం గీకుతున్న చప్పుడు... గర్ర్... గర్ర్...

అక్కడ పనిచేసిన మంగాయమ్మ పెద్దకూతురు బెల్లం పాకమంటే పడిచచ్చేది. ఆ పిల్ల ఫిట్స్ వచ్చి పోయింది. అదే దెయ్యమై తిరుగుతోందని ఊరు తేల్చేసింది.

ఊరిని అనడమెందుకు? అసలు తప్పు శ్యాంప్రసాద్‌ది. విశాఖపట్నంలో లేబరేటరీ కెమిస్టు.

ఆ పిల్ల బతికుండగా చిగుళ్ల మీద నల్లగీత చూసి, ఒంట్లో సీసం విషం చేరిందేమోనని డాక్టరు బెల్లాన్ని పరీక్షకి పంపాడు. శ్యాంప్రసాద్ దాన్ని నీళ్లలో కరిగించి ప్లాస్మా మిషన్‌కి పెట్టాడు. ఆ మంటలో సీసం ఎంత వెలిగితే అంత ఉన్నట్టు లెక్క. పోల్చుకోడానికి మాత్రం ఉత్త నీళ్లలో కలిపిన సీసం వాడాడు. ఉత్త నీళ్లు సన్నగొట్టంలో చకచకా ఎక్కితే, చిక్కటి బెల్లం నీళ్లు ఈడ్చుకుంటూ ఎక్కాయి. మంటదాకా చేరింది సగమే. కనిపించిన సీసమూ సగమే.

“హద్దులోనే ఉంది” అని సంతకం గీకేశాడు. పాకం ముదిరితే గరిటె జారదని పుట్టుకతో తెలిసిన కె.కోటపాడు చెరకు రైతు కొడుకు!

పోయిన వారం పంచదార నీళ్లలో కలిపిన సీసంతో పోల్చి, దాచిన బెల్లం ముక్కని మళ్లీ చూశాడు. సీసం రెట్టింపు. హద్దు దాటింది. కొత్త రిపోర్టు జేబులో పెట్టుకుని పొద్దున్నే వచ్చాడు గానీ, దుర్గారావు గారికి మొహం చూపించలేక టీ కొట్లోనే చీకటి పడేదాకా కూర్చుండిపోయాడు. ఇప్పుడు గానుగ దారిన నడుస్తున్నాడు.

గర్ర్... గర్ర్...

గానుగలో మంట! దెయ్యాల్ని నమ్మే మనిషి కాదు. అయినా... ఆ పిల్లే ఎదురొస్తే ఏం చెప్పాలి? లోపలికి తొంగిచూశాడు.

“ఎవులది?”

మంగాయమ్మ. చేతిలో గరిటె. పెనం అడుగున కాస్త చెరకు రసం మరుగుతోంది. పక్కన చిన్నకూతురు రోజా వేళ్లు నాకుతోంది.

“ఇక్కడ... భయం లేదా?” శ్యాంప్రసాద్ అడిగాడు.

“దెయ్యమైతే నా గుంటే, నా కూతురే కదా బాబూ, నాకేటి భయం? దీనికీ అక్కలాగే పాకమంటే పేనం. ఈ పెనంలో వండితేనే ఆ తీపి వత్తాది.” గొంతు తగ్గించింది. “లేబరేటరీ బాబు ఏటీ నేదని రాసేరుగా... అందుకే పెడతన్నాను.”

పెనం అడుగున చిల్లుకి సీసంతో వేసిన మాటు మెరిసింది. రోజా సిగ్గుగా నవ్వింది... చిగుళ్ల వెంట సన్నటి నల్లగీత.

శ్యాంప్రసాద్ పెనాన్ని కాలితో తన్నేశాడు. రసం పడి మంట చుయ్యిమని ఆరిపోయింది.

“ఆ రాసింది నేనేనమ్మా. తప్పు రాశాను. ఈ మాటులో సీసం ఉంది... పెద్దపిల్లని తీసుకుపోయింది అదే. దీన్ని రేపే పెద్దాసుపత్రికి తీసుకెళ్దాం.”

చీకట్లో గరిటె కిందపడింది. మంగాయమ్మ గొంతు వినిపించింది, గుసగుసగా...

“అయితే... దీనికీ నా సేత్తో నానే తినిపించేనా బాబూ?”