అరిగిపోయిన 1794 సెంటు

సొంత దేశం వదిలి అమెరికా వైపు ఫిరాయిస్తున్న డాక్టర్ టిబోర్ హల్మాయ్‌ని కలవాల్సిన గూఢచారి ఫిలడెల్ఫియా హోటల్లో స్నానపు తొట్టిలో శవమై కనిపించాడు. నాలుక కింద ఒక రాగి నాణెం దొరికింది. హంతకులకు అక్కడ వెతికే తెలివి లేకపోయింది.

ఆ పని ఏజెంట్ ప్రూయిట్‌కి పడింది. అంతకంటే పనికిమాలినవాళ్లు ఆ రోజు సెలవులో ఉన్నారు.

"హల్మాయ్ ఇక్కడ చదువుకునే రోజుల్లో కొన్న నాణెం ఇది," అన్నాడు కర్నల్ డార్బీ. "అరిగిపోయిన 1794 సెంటు. ఇది చూపించినవాళ్ల వెంట వచ్చేస్తాడు. నాలుగింటికి, నాణేల ప్రదర్శనలో, వ్యాపారి ఓర్విల్ హాచ్ బల్ల దగ్గర. అవతలివాళ్లకి చిక్కితే తిరిగి వాళ్ల దేశానికి తీసుకెళ్లి కాల్చేస్తారు."

పక్కన నోట్స్ రాసుకుంటున్న సెలీన్ వోస్ అందంగా నిట్టూర్చింది. ఆమె జీతం తీసుకునేది రెండు దేశాల దగ్గర.

ప్రూయిట్ పెట్టుడు గడ్డం తగిలించి, విషం చిమ్మే పెన్ను జేబులో వేసుకున్నాడు. నాణెం చూస్తే ఒళ్లు మండింది. బొమ్మకి ముఖం లేదు, అంకెలు సగం లేవు. ఈ చెత్తని ఎవడు గుర్తుపడతాడు? ముందుగానే హాచ్ దగ్గరికెళ్లి అది ఇచ్చేసి, తేటగా ఉన్న మరో 1794 సెంటు తీసుకున్నాడు.

"నిజంగానే ఇచ్చేస్తావా నాయనా?" అన్నాడు ముసలి హాచ్.

"సెంటు సెంటే కదా."

హాచ్ జాలిగా చూసి, పాతదాన్ని సొరుగులో వేసుకున్నాడు.

కాసేపటికి నల్ల విగ్గుతో సెలీన్ వచ్చింది. "అరిగిపోయిన 1794 సెంటు కావాలి. ఎంత చెత్తగా ఉంటే అంత మంచిది." హాచ్ ప్రూయిట్ ఇచ్చిందే తీసిచ్చాడు.

నాలుగింటికి హల్మాయ్ ముందు రెండు నాణేలు పడ్డాయి. మారువేషాల్లో నిపుణుడైన ప్రూయిట్, రోజూ చూసే సెలీన్‌ని గుర్తుపట్టలేదు. డాక్టర్ తేట నాణేన్ని తోసేసి, రెండోదాన్ని భూతద్దం కింద పెట్టాడు.

"వెనకవైపు 1/100 అని వేసిన భిన్నం గీత ఎడమకి ఒరిగింది. అంచు నుంచి ఆకు దాకా అచ్చు పగిలిన గుర్తు. ఇది నాదే."

నాణెం జేబులో వేసుకుని, టోపీ తీసుకుని సెలీన్ వెంట కదిలాడు. బయట ఆమె కారు సిద్ధంగా ఉంది. ప్రూయిట్ పెన్ను మూత ఊడి రాలేదు.

"మీదా అది?" హాచ్ తల ఎత్తకుండానే అన్నాడు. "పొద్దున ఈ గడ్డమాయన నాకిచ్చేసి ఆ నున్నటిది పట్టుకెళ్లాడు. తర్వాత ఈవిడొచ్చి చెత్తదే కావాలని కొనుక్కెళ్లింది. ఆ ఏడాది అచ్చులు చేత్తో చెక్కినవండీ, ఏ రెండూ ఒకటి కావు. గాడిదలకేం తెలుసు గంధపు చెక్కల వాసన."

హల్మాయ్ గుమ్మంలోనే ఆగిపోయాడు. సెలీన్ పరుగెత్తింది. తిరిగే తలుపులో విగ్గు ఇరుక్కుంది, కాపలావాళ్లు మిగతా మనిషిని పట్టుకున్నారు.

హల్మాయ్‌ని తన కారెక్కించుకున్నాక ప్రూయిట్ దర్జాగా చెయ్యి చాచాడు. "ఆ నాణెం ఇలా ఇవ్వండి డాక్టర్‌గారూ, నా దగ్గర భద్రంగా ఉంటుంది."

హల్మాయ్ పిడికిలి బిగించాడు.

"ప్రాణం మీకప్పగించాను కదా. దాంతో సరిపెట్టుకోండి."