తూకం వేయని పళ్లెం

ఉదయం 7:55.

వంటావిడ కూరగాయల సంచితో వంటింట్లోకి వచ్చింది. జిమ్ మాస్టారు టేబుల్ పక్కన నేలమీద పడి ఉన్నాడు. పెదవులు ఉబ్బిపోయాయి. మెడమీద తన గోళ్లే గీసిన చారలు. నూటపది కిలోల కండ, కదలిక లేదు.

ఎవరు ఏ నూనె వాడాలో, ఎన్ని చెంచాల ప్రోటీన్ పౌడర్ తాగాలో జిమ్‌లో రెండొందల మందికి చెప్పిన మనిషి. తిన్నది వికటించి చచ్చాడు.

పోస్ట్‌మార్టం రిపోర్ట్ ఒక్క ముక్కలో తేల్చేసింది. వేరుశనగ అలర్జీ.

మర్నాడు 10:05కి ఇన్‌స్పెక్టర్ అదే వంటింట్లో ముగ్గురినీ కూర్చోబెట్టాడు. మాస్టారి భార్య, జిమ్ పక్కనే ప్రోటీన్ డబ్బాల షాపు నడిపే తమ్ముడు, రాత్రంతా స్టేషన్ బెంచీమీద గడిపిన వంటావిడ. పదకొండింటికి ఆవిణ్ని కోర్టుకు తీసుకెళ్లాలి. జీపు కిందే ఉంది.

"ఇంకా ఏం అడుగుతారు సార్?" అన్నాడు తమ్ముడు. "అలర్జీ వస్తే పొడుచుకునే అన్నయ్య ఇంజెక్షన్ ప్రోటీన్ డబ్బాలో దొరికింది. అది కలిపేది ఈవిడే. మొన్న చెంచా నూనె ఎక్కువైందని అన్నయ్య చెంప పగలగొట్టాడు. ఆ కక్ష."

"నిన్న ఏడు నుంచి ఎనిమిది వరకు మీరెక్కడ?"

"షాపులో. సీసీటీవీ మీ దగ్గరే ఉందిగా."

ఉంది. ఇన్‌స్పెక్టర్ రెండుసార్లు చూశాడు. గంటసేపూ తమ్ముడు కౌంటర్ దగ్గర ఒక సన్నటి కుర్రాడికి మూడు డబ్బాలు అంటగట్టడానికి వాగుతూనే ఉన్నాడు.

"మీరమ్మా?"

"వాకింగ్. ఏడింటికి వెళ్లి ఎనిమిదింబావుకి వచ్చాను," అంది భార్య. ఎముకల గూడులా ఉంది. ఆదివారం ఆదివారం ఆవిణ్ని జిమ్‌లో అందరి ముందూ తూకం మిషనెక్కించేవాడట మొగుడు.

"నువ్వు చెప్పు పెద్దమ్మా."

"అయ్యగారికి జలుబు, ముక్కు దిబ్బడ. ఏడూ ఇరవైకి టిఫిన్ పెట్టాను సార్. ఉడికించిన కూరముక్కలు, మీద రెండు చెంచాల అవిసె నూనె. గ్లాసులో పౌడర్ కలిపాను. ఏడున్నరకి కూరగాయలకి వెళ్లాను. అంతే సార్."

చిక్కంతా అక్కడే ఉంది. ల్యాబ్ రిపోర్ట్ ప్రకారం పౌడర్ శుభ్రం. సీజ్ చేసిన అవిసె నూనె బాటిల్ శుభ్రం. మరి వేరుశనగ గాల్లోంచి ఊడిపడిందా?

ఇన్‌స్పెక్టర్ మంచినీళ్ల కోసం ఫ్రిజ్ తెరిచాడు. పై అరలో మూత పెట్టిన పళ్లెం కనబడింది.

"ఇదేమిటి?"

"అయ్యగారు తినగా మిగిలింది సార్," అంది వంటావిడ. "మిగిలింది తూకం వేసి పుస్తకంలో రాసేదాకా పారెయ్యకూడదు. ఈ ఇంటి రూలు."

"ఆయన పోయాడుగా?"

"పదేళ్ల అలవాటు సార్. మీకు ఫోన్ చేసి, చేతులాడక, పళ్లెం తీసి లోపల పెట్టేశాను."

ఇన్‌స్పెక్టర్ మూత తీశాడు. కూరముక్కల చుట్టూ నూనె తెల్లగా పేరుకుపోయి ఉంది. గరిటెతో గీస్తే గాటు పడింది.

పొట్ట పెరిగిందని డాక్టర్ వెన్న మాన్పించి, అవిసె నూనె రాసిచ్చినప్పటినుంచీ ఇన్‌స్పెక్టర్ ఆ దిక్కుమాలిన బాటిల్ మొహమే రోజూ చూస్తున్నాడు. ఫ్రిజ్‌లో ఎన్నాళ్లున్నా నీళ్లలాగే ఉంటుంది. ఆయన కానిస్టేబుల్ వైపు చూశాడు.

"సీజ్ చేసిన బాటిల్ నిన్నటినుంచీ ఎక్కడుంది?"

"స్టేషన్ ఫ్రిజ్‌లో సార్. ఇదిగో."

బాటిల్ వంచితే నూనె గలగలా కదిలింది. భార్య రెప్ప వెయ్యలేదు.

"పళ్లెంలోది అవిసె నూనె కాదు. చలికి పేరుకునే నూనె. గానుగ వేరుశనగ నూనె. పొద్దున బాటిల్లో అదే ఉంది. ముక్కు దిబ్బడతో ఉన్న మాస్టారికి వాసన తెలియలేదు. ఆయన పడిపోయాక ఎవరో అసలు బాటిల్ తెచ్చి పెట్టారు. పెద్దమ్మే చేసి ఉంటే, బాటిల్ మార్చిన మనిషి పళ్లెం కడగదా? మాకోసం దాచి పెడుతుందా? పళ్లెం ఎలాగూ వంటావిడ కడిగేస్తుందనుకున్నది ఇంకొకరు."

ఆయన మాస్టారి ఫోన్ తీశాడు.

"అమ్మా, మీ చేతి బ్యాండ్ మీ ఆయనే కట్టించాడు. మీ అడుగుల లెక్క, గుండె లెక్క అన్నీ ఆయన ఫోన్‌కే వెళ్లాలి. పది మీటర్లలో ఉంటేనే వెళతాయి. నిన్న 7:34కి వెళ్లాయి. అప్పటినుంచి పదకొండు నిమిషాలు మీరు అడుగు తీసి అడుగెయ్యలేదు. గుండె నిమిషానికి అరవై ఎనిమిది. ఆయన కొట్టుకుంటుంటే నిలబడి చూశారు."

భార్య బ్యాండ్ విప్పి టేబుల్ మీద పెట్టింది.

"చెయ్యి చాపాడు," అంది. "ఇంజెక్షన్ చూపించాను. డబ్బాలో వేసి, మూత బిగించి, ఎదురుగా పెట్టాను. మూత తియ్యలేకపోయాడు. అంత కండ పెంచాడు కదా!"

"ఎందుకు?"

"ఏడో నెలలో కూడా నా కంచం తూచి పెట్టాడు. బిడ్డ పోయింది. హాస్పిటల్ నుంచి రాగానే మిషనెక్కించాడు. 'నాలుగు కిలోలు తగ్గావు, శభాష్' అన్నాడు."

వంటావిడ లేచింది.

"నన్నెందుకు ఇరికించావు తల్లీ? ఆయన కళ్లుగప్పి నీకు వెన్న పెట్టింది నేనే కదా! చెంచా నూనె ఎక్కువ నీ కంచంలో వేసినందుకే కదా ఆ దెబ్బ తిన్నాను!"

"నీకు ముందూ వెనకా ఎవరూ లేరుగా పిన్నీ," అంది భార్య, మేలు చేసినట్టే. "జైల్లో వేళకింత తిండి పెడతారు."

10:50. జీపు కదిలింది. అందులో వంటావిడ లేదు.

ఆవిడ ఫ్రిజ్ కింది అరలో, కూరగాయల వెనక చెయ్యి పెట్టి చిన్న గిన్నె తీసింది. అయ్యగారి కళ్లుగప్పి ఆ అమ్మాయికోసం దాచిన వెన్న. కాసేపు చేత్తో పట్టుకుని నిలబడింది. తర్వాత చెత్తబుట్టలో బోర్లించింది.

తూకం వెయ్యలేదు.