జీవసున్నం వంతెన

పెన్న మీది వంతెన పొద్దున్నే తన ఒంటి సంగతి తానే చెప్పేది. "రెండో కమాను కులాసా. పడమటి గోడ ఎండిపోతోంది, నీళ్లు పట్టండి." ఆ మాట విని ఎవరో ఒకరు బిందెతో వెళ్లేవారు. ఇనుము తుప్పుపట్టి సిమెంటు వంతెనలన్నీ కూలిపోయాక, దేశం మళ్లీ రాతికమానులు కట్టుకుంటున్న కాలమది.

ఈ వంతెనకు ప్రాణం పోసింది డాక్టర్ వకుళ. గానుగలో ఆడించిన సున్నంలో ఒక రకం బ్యాక్టీరియాను కలిపి జీవసున్నమని పేరు పెట్టింది. రాళ్ల మధ్య పగులు వస్తే అందులోని సూక్ష్మజీవులు మేల్కొని, నీళ్లు తాగి, కొత్త సున్నపురాతితో పూడ్చేస్తాయి. వాటి స్పందనలను సెన్సార్లు మాటలుగా మారుస్తాయి. ఇంత తెలివైన వంతెనను ఆమె కట్టింది ఎక్కడ? తరతరాలుగా నరుక్కుంటున్న రెండు గట్ల మధ్య. చదువుకున్నవాళ్లకు ఆశ ఎక్కువ.

నడికమాను నెత్తిన చివరి రాయి బిగించిన రోజు మేస్త్రీ పుల్లన్న తమ ఆనవాయితీ ప్రకారం దానిమీద కోడిని కోశాడు. వకుళ నవ్వి ఊరుకుంది.

ఆ తర్వాత రెండు గట్లవాళ్లూ వంతెన మీదే కత్తులు దూశారు. ఒకడు ఆ రాయి మీదే తల పగిలి చచ్చాడు. మర్నాడు వంతెన "నడికమాను పగులు పూడింది" అంది. వకుళ అంతకుముందే పట్టించిన సున్నపుతేట పుణ్యమది. జనానికి కనపడింది మాత్రం నెత్తురు. కోడి చాలక మనిషిని కోరుతోందన్నారు. అప్పటినుంచి పగులు వచ్చినప్పుడల్లా ఎవడో దిక్కులేని బాటసారి మెడ ఆ రాయి మీద తెగేది. నెత్తురులోని ఉప్పుకు సూక్ష్మజీవులు చచ్చి కుళ్లి, ఆమ్లమై సున్నాన్నే తినేసేవి. పగులు పెరిగేది. చాల్లేదని ఇంకొకణ్ణి తెచ్చేవారు. పోలీసులు వచ్చేసరికి రాయి కడిగి ఉండేది.

నగరంలోని ప్రయోగశాలకు అందిన సంకేతాలు చూసి వకుళ పరుగెత్తుకొచ్చింది. అప్పటికే రెండు గట్లూ వంతెన మీద ఉన్నాయి. ఈసారి రాయి మీద కట్టిపడేసింది పుల్లన్నను.

"కట్టినోడి నెత్తురు పడితేనే నిలబడతాది" అన్నాడు పడమటిగట్టు పెద్ద చౌడప్ప, కొడవలి పదును బొటనవేలితో చూసుకుంటూ.

"నా బిడ్డలు సిన్నోళ్లమ్మా! నువ్వన్నా సెప్పమ్మా!" పుల్లన్న ఏడుస్తున్నాడు.

వకుళ జనాన్ని తోసుకుని రాయి దగ్గరికి వచ్చింది. "నా మాట నమ్మకండి, వంతెన్నే అడగండి!" అని అరిచింది. "చెప్పు, నీకు నెత్తురు కావాలా?"

"వద్దు" అంది వంతెన. "నెత్తురే నన్ను చంపుతోంది. నా నడికమాను ఒక్క పలచటి పొర మీద ఆగింది. నీళ్లూ సున్నమూ ఇవ్వండి, బతుకుతాను."

తూర్పుగట్టు ఆడవాళ్లు లెంపలేసుకుని బిందెలకోసం పరుగెత్తారు. ఆ గట్టు మగవాళ్లు నడికమాను మీద మోకాళ్ల మీద కూర్చుని పగుళ్లలో నీళ్లు పోయసాగారు. ఒకడు పుల్లన్న కట్లు విప్పబోయాడు. గెలిచాననుకుంది వకుళ, పిచ్చితల్లి.

చౌడప్ప భక్తిగా వంగి అడిగాడు: "ఇంకెంత నెత్తురు పడితే కూలిపోతావు తల్లీ?"

"చెప్పకు!" అంది వకుళ. కానీ ఆమె వంతెనకు అబద్ధం నేర్పలేదు, దాచడమూ నేర్పలేదు.

"ఒక్క మనిషిది చాలు. ఆ పొర క్షణంలో కరిగి, నడికమాను మీద ఉన్నవాళ్లంతా నదిలో పడతారు."

తూర్పువాళ్లు దాన్ని జాగ్రత్త చెప్పడమనుకుని ఇంకా శ్రద్ధగా నీళ్లు పోశారు. చౌడప్ప వాళ్ల వంగిన వీపులను ఒకసారి చూశాడు. తన వాళ్లకు కనుసైగ చేశాడు. పడమటివాళ్లు చప్పుడు లేకుండా తమ గట్టుకు వెళ్లిపోయారు. చౌడప్ప మాత్రం కదల్లేదు.

"నువ్వు గూడా పోతావు గదన్నా!" అన్నాడు తమ్ముడు, గట్టు మీదినుంచి.

"పోతే పోతా. వాళ్లు గూడా పోతారు గదరా."

వకుళ అతని చేతికి అడ్డంపడింది. కొడవలి ముందు ఆమె మణికట్టును, తర్వాత పుల్లన్న మెడను తెగ్గోసింది.

"నడికమాను పడిపోతోంది, అందరూ దిగండి" అని వంతెన చెబుతూనే ఉంది, దాని గొంతు నీళ్లలో మునిగేదాకా.